వీధి దీపాల మధ్య గురుగ్రహం

అందరికీ నమస్కారం. మామూలు వెబ్‌క్యామ్‌తో మన ఊళ్లోనే గ్రహాల ఫొటోలు ఎలా తీయాలో ఇవాళ చెబుతాను.

హైదరాబాద్‌లో టెలిస్కోప్ కొంటానంటే మొదట వినిపించే మాట, "ఈ లైట్ల మధ్య ఏం కనబడుతుంది?" అని. పాలపుంత విషయంలో ఆ మాట నిజమే. నెబ్యులాలు అనే వాయు మేఘాలు, గెలాక్సీలు కావాలంటే ఊరు దాటి చాలా దూరం పోవాలి. గ్రహాల సంగతి వేరు. గురుడు, శుక్రుడు ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూసినా కనిపిస్తారు. వాళ్ల ఫొటో తీయడానికి వీధి దీపం పెద్ద అడ్డు కాదు.

పైగా మనకో లాభం ఉంది. మన ఊరు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మిథున రాశిలో ఉన్నప్పుడు గురుడు మనకు దాదాపు నడినెత్తికి వస్తాడు. ధనూరాశిలో ఉన్న శని లండన్ వాళ్లకు 16 డిగ్రీల ఎత్తుకు రావడమే గొప్ప, మనకు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. గ్రహం ఎంత పైన ఉంటే దాని వెలుగు దాటాల్సిన గాలి అంత తక్కువ.

ఆకాశాన్ని ఫొటో తీయడం ఈ ఊరికి కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా అబ్జర్వేటరీ తరవాత బేగంపేటకు మారింది. అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం అక్కడివాళ్లు గాజు పలకల మీద లక్షల నక్షత్రాల స్థానాలు నమోదు చేశారు. మన చేతిలో ఉన్నది ల్యాప్‌టాప్, వీడియో కాల్స్‌కి వాడే వెబ్‌క్యామ్.

నేనూ కొత్తవాణ్నే కాబట్టి కొత్తవాళ్లకు ఎదురయ్యేవే చెబుతాను. ముందు వెబ్‌క్యామ్ లెన్స్ ఊడదీయాలి. ఇక టెలిస్కోపే దానికి లెన్స్. ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే కటకం, పెట్టే గొట్టం వెడల్పు 1.25 అంగుళాలు. పాత కెమెరా రీలు డబ్బా అందులో చక్కగా పడుతుంది, అడుగు కోసి క్యామ్‌కి అతికిస్తే అదే అడాప్టర్. పరారుణ కాంతిని ఆపే ఫిల్టర్ చాలా క్యామ్‌లలో ఆ లెన్స్‌తోనే పోతుంది. విడిగా ఇంకొకటి పెట్టకపోతే రంగులు చెడతాయి.

ఇప్పుడు కొలతలు చూడండి. గురుడు బాగా దగ్గరగా ఉన్న రోజుల్లో సుమారు 45 ఆర్క్‌సెకన్ల వెడల్పు కనిపిస్తాడు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోప్‌లో ఆ బింబం సెన్సర్ మీద పావు మిల్లీమీటరు పడుతుంది. పాత వెబ్‌క్యామ్ పిక్సెళ్లతో కొలిస్తే 50 పిక్సెళ్లు కూడా ఉండదు. బింబాన్ని పెంచే రెండింతల బార్లో లెన్స్ మధ్యలో పెడితే బింబమూ రెట్టింపు అవుతుంది, కష్టమూ రెట్టింపు అవుతుంది. మోటారు లేని స్టాండ్ అయితే భూమి తిరుగుడుకి గ్రహం తెర ఆ చివర నుంచి ఈ చివరకు సుమారు 40 సెకన్లలో దాటిపోతుంది. బార్లోతో 20 సెకన్లే. కొత్తలో చాలా రాత్రులు గ్రహాన్ని వెతకడంతోనే సరిపోతాయి. అందుకే పగలే దూరంగా ఉన్న సెల్ టవర్ చూసుకుని ఫైండర్‌ని, అంటే టెలిస్కోప్ మీద ఉండే చిన్న గురి గొట్టాన్ని, సరిచేసి పెట్టుకోవాలి. పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పకండి.

ఫోకస్ తిప్పడానికి చెయ్యి తగిలితే చాలు, తెర మీద బింబం ఎగిరెగిరి పడుతుంది. నాబ్‌కి బట్టల క్లిప్పు పెట్టి దాని కొసతో మెల్లగా కదపండి, వణుకు చాలా తగ్గుతుంది. ఆటో ఎక్స్‌పోజర్ ఆపేయండి. చుట్టూ నలుపు చూసి క్యామ్ వెలుగు పెంచేస్తుంది, గురుడు తెల్లటి బిళ్ల అయిపోతాడు. గురుడి మీది మేఘాల పట్టీలు కనిపించేదాకా వెలుగు తగ్గించాలి. అప్పుడు గురుడి ఉపగ్రహాలు మాయమవుతాయి, పర్లేదు.

ఇక అసలు తిప్పలు పెట్టేది గాలి. ఎండాకాలం తారు రోడ్డు మీద దూరంగా వచ్చే బస్సు వణుకుతూ కనిపిస్తుంది కదా, రాత్రి మన డాబా మీద జరిగేదీ అదే. పగలంతా ఎండ తాగిన స్లాబు సాయంత్రం నుంచి వేడి కక్కుతుంది. పక్కింటి ఏసీ యూనిట్ల వేడి గాలి దానికి తోడు. టెలిస్కోప్ గొట్టంలో చిక్కుకున్న వేడి ఇంకొకటి, అందుకే గంట ముందే దాన్ని బయట పెట్టాలి. కింద మట్టి నేలో, గడ్డో ఉంటే డాబా కంటే అదే మేలు. లేదంటే అర్ధరాత్రి దాటాక డాబా ఎక్కండి. వాన కడిగిన ఆకాశం ఎంత శుభ్రంగా ఉన్నా పైగాలులు వేగంగా ఉంటే ఫొటో రాదు. చలికాలంలో కాస్త మసకగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి బ్రహ్మాండంగా వస్తుంది. చుక్కలు మిణుకుమిణుకుమంటే చూడ్డానికి అందమే, మన పనికి మాత్రం ఆ రాత్రి దండగ.

ఒక్క ఫొటో తీయకుండా వీడియో తీసేది ఈ గాలి వల్లే. వణుకు మధ్యలో గాలి క్షణంపాటు స్థిమితపడుతుంది. అలాంటి క్షణాలు ఎంత తరచుగా దొరుకుతాయో డేవిడ్ ఫ్రైడ్ అనే శాస్త్రవేత్త 1978లోనే లెక్క కట్టాడు. సెకనుకు 15 ఫ్రేముల చొప్పున రెండు నిమిషాలకు 1,800 ఫ్రేములు వస్తాయి. ఆటోస్టాకర్ట్, రెజిస్టాక్స్ లాంటి ఉచిత ప్రోగ్రాములు వాటిలో పదునైనవి ఎంచి, ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తాయి. 400 ఫ్రేములు పేర్చితే నాయిస్, అంటే బొమ్మ మీద కనిపించే గరుకు గింజలు, ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది. అలాగని అరగంట వీడియో తీస్తే లాభం లేదు. గురుడు 9 గంటల 55 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతాడు. ఆరు అంగుళాల టెలిస్కోప్‌కి కూడా మూడు నిమిషాలు దాటితే మచ్చలు పక్కకు జరిగినట్టు తెలిసిపోతుంది.

చివర్లో షార్ప్ చేసే స్లైడర్లు ఉంటాయి. వాటి దగ్గర చెయ్యి అదుపులో పెట్టుకోవాలి. అతిగా లాగితే గ్రహం అంచున లేని గీత పుడుతుంది, నాయిస్ గింజలు మేఘాల్లా కనబడతాయి. లైకులు వాటికే ఎక్కువ వస్తాయనుకోండి. నాకు మాత్రం కాస్త మెత్తగా ఉన్నా ఉన్నదున్నట్టు చూపే బొమ్మే ఇష్టం.

ప్రతి ఫైలు పేరులో తేదీ, సమయం నిమిషంతో సహా రాయండి. 2006 ఫిబ్రవరిలో గురుడి మీద ఒక తెల్లని సుడి ఎర్రబడిందని గమనించింది ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో ఉండే క్రిస్టఫర్ గో అనే ఔత్సాహికుడు. అదీ మనలాగే భూమధ్యరేఖకు దగ్గరున్న ఊరే. 2009 జులై 19న ఏదో ఢీకొని గురుడి మీద పడిన నల్లటి మచ్చను మొదట చూసింది ఆస్ట్రేలియాలోని ఆంథొనీ వెస్లీ, ఆయనా ఔత్సాహికుడే. వాళ్ల పరికరాలు మన వెబ్‌క్యామ్ కంటే పెద్దవే, కాదనను. కానీ టైమ్ తెలియని ఫొటో ఎంత బాగున్నా అలాంటి పనికి ఎందుకూ కొరగాదు.

ల్యాప్‌టాప్‌లో నేను తీసిన ముడి వీడియోలు ఉన్నాయి, పేర్చకముందు ఎలా వణుకుతాయో చూపిస్తాను. వెనక వరుసలవాళ్లు ముందుకు రండి.