పెట్టెలో దాచిన సంచులు

అస్సలాము అలైకుమ్, అందరికీ నమస్కారం. జుహ్ద్ అంటే విరక్తి అనగానే మనకి చిరుగుల బట్ట, ఎండిన రొట్టె, ఊరి బయట గుడిసె గుర్తొస్తాయి కదా, నేను చెప్పబోయే ఆయన మాత్రం పక్కా వ్యాపారి. అబ్దుల్లా ఇబ్నుల్ ముబారక్. హిజ్రీ 118లో, అంటే 736లో మర్వ్‌లో పుట్టారు, ఇప్పుడది తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది. తండ్రి ఒకప్పుడు బానిస. కొడుకేమో హదీసుల కోసం, అంటే ప్రవక్త ముహమ్మద్ గారి మాటలూ చేతల కథనాల కోసం, ఊరూరా తిరిగి, జుహ్ద్ మీద ఏకంగా ఓ పుస్తకమే రాశారు.

మరి వ్యాపారం ఎందుకు? ఇదే డౌటు మక్కాలో ఉండే మరో విరాగి ఫుజైల్ బిన్ ఇయాజ్ గారికీ వచ్చి మొహం మీదే అడిగేశారు, మాకేమో తక్కువతో సరిపెట్టుకోమంటారు, మీరేమో ఖురాసాన్ (మర్వ్ ఉన్న ప్రాంతం) నుంచి సరుకు మోసుకొస్తారు, ఏంటిది అని. ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతకడానికి, ఆ డబ్బుతో నా ప్రభువు మాట చెల్లించుకోడానికి అన్నారాయన.

ఆ చెల్లించుకోవడం ఎలా ఉండేదో వినండి. హజ్ సీజన్ రాగానే మర్వ్ జనం మేమూ వస్తాం అని వెంటపడేవాళ్లు, సరే మీ ఖర్చుల డబ్బు తెండి అని అందరివీ తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేసేసేవారు. ఇక బండి కిరాయి, తిండి, మంచి స్వీట్లు, బాగ్దాద్‌లో బట్టలు, అన్నీ ఆయనే. మదీనా చేరాక ఒక్కొక్కణ్ణీ పిలిచి, మీ ఇంట్లోవాళ్లు ఏం తెమ్మన్నారయ్యా అని అడిగి కొనిపెట్టేవారు, మక్కాలోనూ అంతే, తిరిగొచ్చాక వాళ్ల ఇళ్ల గోడలకి పూత కూడా వేయించేవారట. మూడో రోజు భోజనం పెట్టి పెట్టె తెరిస్తే ఎవరి సంచి వాళ్లది, పైన పేరు రాసి, అలాగే ఉండేది. పాపం వాళ్లు ఇంతకాలం తమ డబ్బే ఖర్చవుతోందనుకున్నారు! నాకు ఈ తాళం వెయ్యడమే తెగ నచ్చింది, దానం చేస్తున్నట్టు అవతలివాడికి తెలియనివ్వలేదు చూడండి.

ఇంకోటి. షామ్‌లో, అంటే సిరియా వైపు, ఒకరి దగ్గర కలం తీసుకుని ఇవ్వడం మర్చిపోయారు, మర్వ్ వచ్చాక సామాన్లో కనిపిస్తే మళ్లీ అంత దూరమూ వెనక్కెళ్లి ఇచ్చొచ్చారట. మనమైతే పక్కింటివాళ్ల స్టీలు గిన్నె ఎన్నేళ్లయినా వాడుతూనే ఉంటాం, మా ఇంట్లోనూ ఉందొకటి.

మాట విషయంలోనూ అంతే పట్టు. ఇస్నాద్ దీన్‌లో, అంటే మతంలో, భాగం, అది లేకపోతే ఎవడికి తోచింది వాడు చెప్పేవాడు, ఇది ఆయన మాటే. ఇస్నాద్ అంటే ఏం లేదు, నాకు ఫలానా ఆయన చెప్పాడు, ఆయనకి ఫలానా ఆయన, ఇలా పేర్ల వరుస. ఇప్పుడు వాట్సాప్‌లో "ఫార్వర్డ్ చేస్తే పుణ్యం" అని వచ్చేవాటికి ఆ మొదటి పేరైనా ఉంటుందా?

ఆయన 181 హిజ్రీ రంజాన్‌లో ఇరాక్‌లో యూఫ్రటీస్ నది ఒడ్డునున్న హీత్ ఊళ్లో పోయారు. ఇందాకటి పెట్టె సంగతి కూడా ఊరికే గాల్లో రాలేదండోయ్, చెప్పినవాళ్ల పేర్లతో సహా రాసిపెట్టారు.