బల్బు వెలిగాక మొదలయ్యే పాఠం
(ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు ఇన్‌స్ట్రక్టర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మన ట్రేడు రెండేళ్లలో ప్రతి కుర్రాడూ చేసే జాబ్ (ప్రాక్టికల్ పని) మెట్ల వైరింగు, అంటే ఒకే లైటుని కింద నుంచీ పై నుంచీ రెండు స్విచ్‌లతో వేసి ఆర్పడం. డయాగ్రాం చూస్తాడు, తీగలు బిగిస్తాడు, బల్బు వెలుగుతుంది, రికార్డులో మన సంతకం పడుతుంది. రేపు ఎవరింట్లోనో మెట్ల లైటు సతాయిస్తోందని పిలిస్తే, అదే కుర్రాడు ముందు బల్బు మారుస్తాడు, ఆ తర్వాత స్విచ్ మారుస్తాడు. ఎందుకంటే చెడిపోయిన వైరింగును అతను ఎప్పుడూ చూడలేదు.

కాబట్టి బల్బు వెలిగాక పిల్లల్ని బయటికి పంపి, సప్లై ఆపి, బోర్డు వెనక మీరే ఒక తప్పు పెట్టండి. టూవే స్విచ్‌లో కామన్‌కి (మిగతా రెండు టెర్మినళ్లలో ఏదో ఒకదానితో ఎప్పుడూ కలిసి ఉండే టెర్మినల్‌కి) రావలసిన ఫేజు తీగను పక్క టెర్మినల్‌కి మార్చి, అక్కడున్న తీగను కామన్‌కి బిగించండి. లోపలికి వచ్చాక ఒకటే షరతు: స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే రెండు స్విచ్‌లనూ నాలుగు రకాలుగా వేసి చూసి పట్టిక రాయాలి. సరైన వైరింగులో నాలుగింట రెండుసార్లు వెలుగుతుంది. ఈ తప్పుంటే ఒక్కసారే. రెండు మామూలు స్విచ్‌లు సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటి) ఉన్నట్టు ఎందుకు ప్రవర్తిస్తోందో కాగితం మీద గీసుకుంటే, తప్పు ఎక్కడుందో విప్పకుండానే తెలుస్తుంది.

రెండో తప్పు, ఫేజు తీగలో ఉండాల్సిన స్విచ్‌ని న్యూట్రల్‌లో పెట్టడం. లైటు మామూలుగానే వెలుగుతుంది, ఆరుతుంది. కానీ స్విచ్ ఆపినా, బల్బు హోల్డరులో ఉండగా రెండు టెర్మినళ్ల దగ్గరా టెస్టర్ వెలుగుతుంది. బల్బు మార్చేవాళ్లకి షాక్ కొట్టేది ఇలాంటి చోటే.

మూడోది లూజు స్క్రూ. ఇది నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు, లెక్క వేయించాలి. జాయింటు దగ్గర అర ఓము ఉందనుకోండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకి ఏమీ తెలియదు. అదే లైనుకి 2000 వాట్ల గీజరు పెడితే 8.7 ఆంపియర్లు పారతాయి, ఆ స్క్రూ ఒక్కదాని దగ్గరే దాదాపు 38 వాట్ల వేడి పుడుతుంది. మన బెంచీ మీది 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ! లోడు లేనప్పుడు మీటరు 230 వోల్టులే చూపిస్తుంది, అందుకే లోడు పెట్టి, జాయింటుకి ఇటూ అటూ కొలవాలి: నాలుగు వోల్టులకు పైగా కనబడుతుంది. ఈ ప్రదర్శన మాత్రం మీరే చేయండి, ఒకట్రెండు నిమిషాల్లో ఆపేయండి.

మొదటి తప్పును 24 వోల్టుల మీద పెట్టినా సరిపోతుంది. 230 పెట్టే బోర్డుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్), దానితోపాటు, గీజరు లోడు పెట్టే ప్రదర్శనలో తప్ప, సిరీస్‌లో 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఉండాలి. షార్ట్ ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, అర ఆంపియరు కూడా దాటదు.

రికార్డులో డయాగ్రాంతో పాటు మూడు మాటలు రాయించండి: మొదట దేన్ని అనుమానించావు, ఏం కొలిచావు, చివరికి ఏం దొరికింది. మొదటి అనుమానం తప్పయిందని మార్కులు కోయకండి. కోస్తే, దొరికిందాన్ని బట్టి అనుమానాన్ని వెనక్కి దిద్ది రాస్తారు.

ఇక బోర్డుకి ఇద్దరే ఉండాలి. ముగ్గురైతే మూడోవాడు టార్చి పట్టుకోవడం ఒక్కటే నేర్చుకుంటాడు.