అన్నమయ్య పుస్తకం ఏ అరలో ఉండాలి?

(తెరపై: తిరుపతిలో ఒక గ్రంథాలయం. బల్లమీద అన్నమాచార్య సంకీర్తనల సంపుటం. దాని వీపున ఇంకా అంకెల చీటీ అంటించలేదు.)

నమస్కారం. ఈ పుస్తకాన్ని ఎక్కడ పెట్టాలి? పాడుకునే కీర్తనలు కాబట్టి సంగీతంలోనా? తెలుగు పదాలు కాబట్టి సాహిత్యంలోనా? వేంకటేశ్వరుడి మీద భక్తి కాబట్టి మతంలోనా? మూడూ నిజమే. కానీ ఉన్న ఒక్క ప్రతి ఒక్క అరలోనే ఉంటుంది. అందుకే చీటీ రాసే మనిషి ముందుగా ఒక తత్త్వ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి: ఇది అసలు ఏమిటి?

అమెరికా గ్రంథాలయాధికారి మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన దశాంశ వర్గీకరణ, అంటే ఒక్కో విషయానికి ఒక్కో అంకె ఇచ్చి పుస్తకాలు సర్దే పద్ధతి, ఆ జవాబును ముందే రాసి పెట్టింది. దాని వేర్లు ఇంకా లోతున ఉన్నాయి. 1605లో ఇంగ్లండ్ తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ విద్యలను మనసులోని మూడు శక్తులకు పంచారు: జ్ఞాపకానికి చరిత్ర, ఊహకు కవిత్వం, తర్కానికి తత్త్వం. 1870లో అమెరికా విద్యావేత్త విలియం హారిస్ ఆ వరుసను తిరగేశారు. డ్యూయీ ఆ దారే పట్టారు. తత్త్వం 100లో, చరిత్ర 900లో ఉండటానికి కారణం అదే.

(తెరపై: 780, 894.827, 294.5)

మన పుస్తకానికి వచ్చే మూడు అంకెలివి: వరుసగా సంగీతం, తెలుగు సాహిత్యం, హిందూ మతం. మతానికి ఇచ్చిన 200లో 220 నుంచి 280 దాకా క్రైస్తవానికే. మిగతా మతాలన్నీ 290లో సర్దుకోవాలి. ఇంగ్లీషు సాహిత్యానికి 820 మొత్తం ఉంది. నన్నయ నుంచి నేటి దాకా వచ్చిన తెలుగు సాహిత్యమంతా దశాంశ బిందువు తర్వాత మూడో స్థానంలో దొరుకుతుంది. నాకిది మనసుకు పట్టే విషయం. ఎవరి ఊరి నుంచి చూస్తే లోకం అలా కనిపిస్తుందో ఆ అంకెలే చెబుతున్నాయి.

గణితం బోధించే ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. లండన్‌లో ఒక దుకాణంలో మెకానో ఆటవస్తువు చూశారు. అవే పట్టీలు, అవే మరలు. బిగించే తీరు మారితే వేరే బొమ్మ. ఆ ఊహ 1933లో కోలన్ వర్గీకరణగా వెలువడింది. అందులో పుస్తకం విషయాన్ని ముఖాలుగా, అంటే వేర్వేరు కోణాలుగా విడదీసి, గుర్తులతో మళ్ళీ కలుపుతారు. చివరికి అవి ఐదు మూలాల కింద చేరాయి: వ్యక్తిత్వం (విషయంలోని ప్రధాన వస్తువు), పదార్థం, శక్తి, స్థలం, కాలం.

(తెరపై: ఒక రాగిరేకు బొమ్మ, దగ్గరగా)

తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన, అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు చూస్తే నాకు రంగనాథన్ గుర్తొస్తారు. అధ్యాత్మం, శృంగారం అని రెండు విభాగాలు. ప్రతి రేకుకు సంఖ్య, కీర్తనకు రాగం పేరు. ఒకే పాటను మూడు వైపుల నుంచి పట్టుకోవచ్చు. అయినా గీత నిలవదు: అలమేలుమంగ విరహం శృంగారమైతే, అందులోని శరణాగతి ఏ విభాగానిది?

(తెరపై: చీటీ అంటిస్తున్న చేతులు)

ఈ సంపుటాన్ని 894.827లో పెడుతున్నాం. సంగీతం అరలో, మతం అరలో ఒక్కో అట్టముక్క నిలబెడుతున్నాం: ‘అన్నమయ్య కోసం సాహిత్యం అర చూడండి.’