చింతపండు డబ్బా ఎక్కడుందో తెలిసినవారు చేతులెత్తండి

(సంక్రాంతి వెళ్లిన తరువాతి ఆదివారం, తిరుపతిలో ఒక కాలనీ సంక్షేమ సంఘం వార్షికోత్సవ సభలో, పదవీ విరమణ చేసిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముఖ్యంగా రాత్రి వంట సంగతి ఏమిటన్న ఆలోచనను కాసేపు పక్కన పెట్టి ఇక్కడికి వచ్చిన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు చెప్పిన మంచి మాటల్లో సగం అతిశయోక్తి, మిగిలిన సగం మా ఆవిడ చేసిన పనులు. కాబట్టి వాటికి విడిగా కృతజ్ఞతలు చెప్పుకోకుండా విషయంలోకి వస్తాను.

సంఘంవారు నాకు ఇచ్చిన అంశం ‘ఉద్యోగస్తుల కుటుంబాలకు ఇరవై నిమిషాల వంట’. కరపత్రంలోనూ అలాగే అచ్చువేశారు. ఆ ఇరవై నిమిషాల మీద నాకు అభ్యంతరం ఉంది. పొయ్యి మీద గిన్నె ఉన్న సేపు మాత్రమే వంట అని లెక్కపెట్టేవారికి ఇరవై నిమిషాలే కనిపిస్తాయి. కందిపప్పు డబ్బా అడుగంటిందని మంగళవారమే గమనించడం, గోంగూర ఆకు గిల్లడం, దోసెల పిండి పొంగి కిందికి కారకముందే నిద్రలోంచి లేచి చూడటం, రేపు పిల్లవాడి క్యారియర్‌లో ఏం పెట్టాలా అని రాత్రి పదకొండింటికి పడకమీద ఆలోచించడం, అందరూ తిన్నాక గిన్నెలు తోమి గట్టు తుడవడం, ఇవేవీ వంట కాకపోతే మరి దేని పద్దులో రాయాలో కరపత్రం రాసినవారు చెప్పాలి.

జాతీయ గణాంక కార్యాలయంవారు 2019లో దేశమంతటా ఒక సమయ వినియోగ సర్వే జరిపారు. వంట ఒక్కటే కాకుండా, జీతం లేని ఇంటిపనులన్నీ కలిపి, ఆ పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ‘చేసే పురుషులు’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. అసలు చేయనివారిని ఆ సగటులో కలపలేదు. సర్వేలో పాల్గొన్నవారిలో స్త్రీలు నూటికి 81 మంది ఆ పనులు చేస్తున్నట్టు చెబితే, పురుషులు నూటికి 26 మందే చెప్పారు. లెక్కల మాష్టారు ఎవరైనా సభలో ఉంటే, చేయనివారిని కూడా కలిపి ఆ 97 ఎంతకు దిగుతుందో ఇంటికి వెళ్లి వేసి చూడండి.

నేను మూడు విషయాలు చెప్పాలని కాగితం మీద రాసుకున్నాను. ఏం వండాలి, ముందురోజు ఏం సిద్ధం చేసుకోవాలి, ఎవరు వండాలి. మొదటిది తేలిక. తక్కువ వండాలి. ఒక పప్పో పులుసో, పక్కన ఒక పొడో పచ్చడో, కాస్త మజ్జిగ, అంతటితో ఆపాలి. మామూలు బుధవారం రాత్రికి వేపుడు, కూర, సాంబారు, రసం, అప్పడం అన్నీ ఉండాలన్న పట్టింపు పెళ్లి భోజనాలు చూసి మనం తెచ్చిపెట్టుకున్నది. మన చిత్తూరు సీమ వంట కూలికి, పొలానికి పోయేవారి వంట. పొద్దు పొడవకముందే మడిలో ఉండవలసిన మనిషికి పొయ్యి ముందు గంటన్నర కూర్చునే తీరిక ఎక్కడిది? అందుకే వారు రాగి సంగటి, వేరుశనగ పచ్చడి అయిన ఊరిబిండి, ఆకుకూరలు పులుపుతో ఉడికించి ఎనిపే పుల్లగూర తయారుచేసుకున్నారు. ఇప్పుడు ఆ సంగటిని హోటళ్లలో నాటుకోడి పులుసుతో కలిపి పండుగ భోజనంలా అమ్ముతున్నారు, మంచిదే. అయితే ఇళ్లలో మాత్రం ఉద్యోగానికి వెళ్లేవారికి సంగటి చేసే తీరిక ఉండదన్న మాట పాతుకుపోయింది. ఆ మాట తప్పు.

గ్లాసు బియ్యం లేదా నూక అరగంట నానబెట్టి, ఐదారు గ్లాసుల నీళ్లు పోసి, మెతుకు చితికేదాకా ఉడికించండి. అన్నంలో నీళ్లు ఇంకా తేలుతూ ఉండగానే రెండు గ్లాసులకు కాస్త తక్కువగా రాగిపిండిని మధ్యలో కుప్పగా పోయండి. ఇక్కడే అందరూ తొందరపడి గరిటె పెడతారు. పెట్టకండి. పెట్టిన క్షణంలో పిండి ఉండకడుతుంది, ఉండ పైపొర ఉడికి జిగురై లోపలికి నీటిని పోనివ్వదు, లోపల పచ్చిపిండి అలాగే మిగిలిపోతుంది. కుప్ప నడుమ కట్టెతో ఒక గుంట చేసి, మూతపెట్టి, మంట బాగా తగ్గించి, పది నిమిషాలు దానిమానాన దాన్ని వదిలేయండి. ఆవిరి పిండిలోకి ఎక్కి దాని రంగు ముదిరాక దించి, గిన్నెను రెండు కాళ్ల మధ్య గట్టిగా పట్టుకుని కట్టెతో ఎనపండి. మొత్తం శ్రమ చివరి మూడు నిమిషాలదే. ఆ పది నిమిషాల్లో ఊరిబిండి అయిపోతుంది. రెండు గుప్పెళ్ల చెనిగ్గింజలు, అంటే వేరుశనగ గింజలు, ఎర్రగా వేయించి, నాలుగు ఎండుమిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, గోలీకాయంత చింతపండు, ఉప్పు వేసి, మిక్సీని తిప్పుతూ ఆపుతూ పలుకు మిగిలేలా రుబ్బాలి. మెత్తగా రుబ్బితే అది దోసెల్లోకి చట్నీ అవుతుందేగాని ఊరిబిండి కాదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. మోకాళ్ల నొప్పులని మందుల దుకాణంలో కాల్షియం బిళ్లలు కొనేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ లెక్క చెప్పాను.

రెండో విషయానికి వస్తాను. ముందుగా సిద్ధం చేసుకోవడం గురించి చెప్పాలంటే, సిద్ధం చేసుకోకపోతే ఏమవుతుందో చెప్పాలి. 1991లో మేము బైరాగిపట్టెడలో అద్దెకు ఉండేవాళ్లం. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఒక వారం ఉదయం ఏడింటి డ్యూటీ, మరో వారం మధ్యాహ్నం, మరో వారం రాత్రి. మా అమ్మాయికి అప్పుడు రెండేళ్లు. ఆవిడకు రాత్రి డ్యూటీ పడిన ఒక సాయంత్రం నేను మొదటిసారి వంటకు దిగాను. ఆ వారంలోనే తొమ్మిదో తరగతికి ప్రెషర్ కుక్కర్ సూత్రం బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. లోపల ఒత్తిడి పెరుగుతుంది, నీరు వంద డిగ్రీల దగ్గర కాక సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అందువల్ల పప్పు త్వరగా ఉడుకుతుంది. ఇంత తెలిసినవాడికి పప్పుచారు ఒక లెక్కా? కందిపప్పు, టమాటాలు, చింతపండు రసం, ఉప్పు, కారం అన్నీ ఒకేసారి కుక్కరులో వేసి మూత బిగించాను. నాలుగు కూతలకు దించి చూస్తే పప్పు బద్దలు బద్దలుగానే ఉంది. మళ్లీ పెట్టాను. ఏడు కూతలు. మళ్లీ పెట్టాను. పదకొండో కూతకు అమ్మాయి ఆకలికి ఏడవడం మొదలుపెట్టింది. తీసి చూస్తే పులుసులో బద్దలు గులకరాళ్లలా అడుగున పడి ఉన్నాయి. పక్క పోర్షనులో ఉండే ఒక ముసలమ్మ కిటికీలోంచి అన్ని కూతలూ లెక్కపెట్టిందట. వచ్చి మూత తీసి చూసి, “పులుపు ముందే వేస్తే పప్పు ఉడుకుతుందా సార్? మీరు చదువుకోలేదా?” అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. నేను ఎమ్మెస్సీ, బీఎడ్.

తరువాత చదివి తెలుసుకున్నాను. గింజలో కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం మామూలు నీటిలో ఉడికితే కరిగి కణాలు విడిపోతాయి. నీటిలో పులుపు ఉంటే అది అంత త్వరగా కరగదు. అందుకే పప్పు అరగంట నానబెట్టి, విడిగా ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపాక పులుపు పోయాలి. గోంగూర పప్పుకూ ఇదే పద్ధతి, ఆకును వేరే మగ్గించి కలపాలి. ఆ ముసలమ్మకు పెక్టిన్ పేరు తెలియదు. నాకు ఆ పేరు తెలిసే నాటికి ఆమె చేతి పప్పుచారు పదిసార్లు తిన్నాను.

ఇక్కడ సభను ఒక్క మాట అడగాలి. ఇది నా కాగితంలో లేదు. మీ ఇంట్లో చింతపండు ఏ డబ్బాలో ఉంటుందో, ఆ డబ్బా ఏ అరలో ఉంటుందో ఎవరినీ అడగకుండా చెప్పగలిగిన మగవారు చేతులెత్తండి. ఎత్తండి, ఇందులో సిగ్గుపడవలసింది లేదు. ఏడు, ఎనిమిది. వెనుక మరొకరు, తొమ్మిది. అయ్యా, మీరు చెయ్యెత్తబోయి మీ ఇంటావిడ వైపు చూశారు, అది లెక్కలోకి రాదు. ఇంత నిండిన సభలో తొమ్మిది మంది. మిగిలిన ఇళ్లలో ఆ ఒక్క మనిషి జ్వరంతో పడుకుంటే ఆ పూట హోటలే దిక్కు. పని బరువు కంటే, ఇంట్లోని ఏ వస్తువు ఎక్కడుందో, ఏది ఎప్పుడు అయిపోతుందో అంతా ఒక్క తలలోనే ఉండటం ఎక్కువ బరువని నా అనుభవం.

ఆ రాత్రి తరువాత నేను వంట మానలేదు. కానీ ఒక పని చేశాను, ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను. వీధివైపు ఉన్న వంటింటి కిటికీ మూసేశాను. మా పాఠశాల పిల్లలు ఆ వీధిలోనే ట్యూషన్లకు వెళ్లేవారు, వారి కంట పడతానని భయం. మే నెలలో కూడా కిటికీ మూసుకునే వండాను. రెండేళ్ల తరువాత మా అమ్మ పలమనేరు దగ్గరి పల్లె నుంచి మా దగ్గర ఉండటానికి వచ్చింది. నేను గరిటె పట్టుకుని ఉండగా చూసి, “ఏం నాయనా, ఆడది ఇంట్లో ఉండగా నువ్వు పొయ్యికాడ నిలబడినావా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆడది ఇంట్లో లేదమ్మా, ఆసుపత్రిలో ఉంది అన్నాను. వినిపించుకోలేదు. మూడు రోజులు నా చేతి కూర ముట్టకుండా పెరుగన్నం తిన్నది. నాలుగో రోజు తోటకూర, చెంచలాకు, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, రెండు టమాటాలు, చింతపండు కలిపి ఉడికించి, వార్చిన నీళ్లు పక్కన పెట్టుకుని, పప్పుగుత్తితో పుల్లగూర ఎనుపుతున్నాను. ఆ చప్పుడుకు వచ్చి కాసేపు నిలబడి చూసి, గుత్తి నా చేతిలోంచి తీసుకుని, “ఇట్ల కాదు, అంచుకు ఆనించి తిప్పు” అని చూపించి తిరిగి ఇచ్చేసింది. ఆ రాత్రి తిన్నది. తిని, “ఉప్పు చాల్లేదు” అన్నది. అప్పటినుంచి ఆరేళ్లపాటు రోజూ ఏదో ఒకటి తక్కువయ్యేది. బాగుందన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. ఒకనాడు ఎండుమిరప తాలింపు ఘాటుకు దగ్గు తెర ఆగక, వచ్చి, ఆ కిటికీ రెక్కలు తనే బార్లా తెరిచింది. వీధిలో ఎవరో నన్ను చూసి “నమస్తే సార్” అన్నారు. నేను గరిటెతోనే నమస్తే అన్నాను.

సమయం మించిపోతున్నదని అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. రెండో విషయం త్వరగా ముగిస్తాను. ఆదివారం సాయంత్రం వారానికి సరిపడా చింతపండును వేడినీళ్లలో నానబెట్టి పిండి, గుజ్జును కాసేపు ఉడికించి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. చెనిగ్గింజలు వేయించి పొట్టు తీసి ఉంచితే పొడి, ఊరిబిండి, చిత్రాన్నం ఏదైనా పది నిమిషాల పని అవుతుంది. 2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు మదనపల్లె పక్కనే ఉండి మనం కొనలేకపోయాం, గుర్తుందా? మా ఇంట్లో ఆ నెలంతా ఈ చింతపండు సీసాతోనే గడిచింది. అన్నం మిగిలితే మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా బయట వదలకండి. ఉడికించినా చావని సూక్ష్మజీవుల బీజాలు కొన్ని ఆ వెచ్చదనంలో మళ్లీ మొలకెత్తుతాయని మా ఆవిడ నాకు మొదటి వారంలోనే నేర్పింది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

మూడో విషయం, ఎవరు వండాలన్నది, విడిగా చెప్పనవసరం లేదనుకుంటాను. అయితే ఇది అనపకాయల కాలం, చిక్కుడు జాతి కాయలవి. పితికిపప్పు పులుసంటే మన ఊళ్లో ఇష్టపడనివారు లేరు, పితకడానికి కూర్చునేవారే లేరు. నిన్న రాత్రి మూడు కిలోల అనపగింజలు నానబెట్టి తెచ్చాను. హాలు చివర రెండు పెద్ద బేసిన్లలో ఉన్నాయి. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే పప్పు దానంతటదే జారి దూకుతుంది, ఎదుటివారి కంట్లో పడకుండా బేసిను వైపు తిప్పి నొక్కండి. తరువాతి వక్త మాట్లాడుతున్నంతసేపూ చెవులు ఆయనకు ఇచ్చి చేతులు ఇటివ్వండి. తలుపు దగ్గర నిలబడిన అబ్బాయిలూ, ముందు మీరు రండి. తొక్కలకు సంచి పక్కనే పెట్టాను, కింద పడేయకండి.