పాత కెమెరా, చుక్కల రాత్రి

మాధవి: నమస్తే! ఇవాళ స్టార్ ట్రెయిల్స్, అదీ పాత డిజిటల్ కెమెరాలతో.

హరి: అంటే చుక్కలు కదిలిన దారంతా ఫొటోలో గీతల్లా పడటం.

మాధవి: సరే. గంటసేపు షట్టర్ తెరిచిపెట్టకండి. 30 సెకన్ల ఫొటోలు వరసగా తీసి కంప్యూటర్లో కలుపుకోండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేసెయ్యండి.

హరి: ఆగాగు, ఆఫ్ ఎందుకు?

మాధవి: మొదలెట్టావా! 30 సెకన్లు తీశాక, కెమెరా షట్టర్ మూసుకుని ఇంకో 30 సెకన్లు డార్క్ ఫ్రేమ్, అంటే వెలుతురు పడని ఫొటో, తీసి, అందులో కనిపించే సెన్సర్ మచ్చల్ని అసలు ఫొటోలోంచి తీసేస్తుంది. ఈలోపు చుక్కలు ఆగుతాయా? గీత ముక్కలైపోతుంది.

హరి: ట్రెయిల్స్‌కైతే ఒప్పుకుంటా. ఒక్క ఫొటోకైతే అది ఉండాల్సిందే. నా నికాన్ డీ70 ఫొటో జూమ్ చేసి చూడు, నల్లటి ఆకాశంలో ఎర్ర మచ్చ, పక్కనే నీలం మచ్చ. అవి నక్షత్రాలు కావు, హాట్ పిక్సెల్స్, సెన్సర్ తప్పులు. తర్వాతి ఫొటోలోనూ సరిగ్గా అక్కడే! అందుకేగా డార్క్‌తో తీసెయ్యగలుగుతున్నాం.

మాధవి: తీసెయ్యొద్దని ఎవరన్నారు? చివర్లో లెన్స్‌కి మూత పెట్టి, అదే ఐఎస్‌ఓ, అదే టైముతో నేనే నాలుగైదు డార్క్‌లు తీసుకుంటా.

హరి: అప్పటికి చలి పెరిగిపోతుంది. సెన్సర్ వేడి ఆరేడు డిగ్రీలు మారితే డార్క్ కరెంట్, అదే వెలుతురు లేకున్నా సెన్సర్లో పుట్టే కరెంట్, దాదాపు రెట్టింపో సగమో అయిపోతుంది. ఇక నీ లెక్క ఎలా సరిపోతుంది? పైగా సీసీడీ, అదే ఈ పాత కెమెరాల్లోని సెన్సర్ రకం, దాని రంగు...

మాధవి: రంగు జోలికి పోకు! నీ డీ70 సంగతే చెప్తా. నాయిస్ రిడక్షన్ ఆఫ్‌లో ఉన్నా రా ఫైల్‌ని, అంటే సెన్సర్ నుంచి వచ్చే ముడి ఫొటోని, ముందే నున్నగా చేసేసేది. చిన్న నక్షత్రాల్ని హాట్ పిక్సెల్స్ అనుకుని మింగేసేది. అందుకే ఆకాశం ఫొటోలవాళ్ళు నాయిస్ రిడక్షన్ ఆన్ చేసి, డార్క్ ఫ్రేమ్ మొదలవగానే కెమెరానే ఆఫ్ చేసేసేవాళ్ళు. కార్డులో అసలు ఫైల్ మిగిలేది.

హరి: ...అంత మాట అనాలా దాన్ని?

మాధవి: అయ్యో, అలిగావా?

హరి: లేదులే. మరి డీ70 ఫొటో మూలన వచ్చే ఊదా రంగు వెలుగుని ఏం చేస్తావ్? దానికీ డార్క్ ఫ్రేమే గతి!

మాధవి: నేను చెప్పేదీ అదే కదా! ఎవరు తియ్యాలన్నదే గొడవ.

హరి: కెమెరా.

మాధవి: నేను.

హరి: సరే, ఒలింపస్ ఈ-1 చూడు. 2003లో వచ్చింది, 5 మెగాపిక్సెల్స్, కొడాక్ సీసీడీ. ఆ నీలం...

మాధవి: నీలం సీసీడీది కాదు బాబూ, సెన్సర్ పైనున్న ఫిల్టర్లది, తర్వాత జరిగే ప్రాసెసింగ్‌ది.

హరి: కళ్ళతో చూశాక కూడానా?

మాధవి: కళ్ళతోనే చూసి చెప్తున్నా! ఇంతకీ ట్రెయిల్స్‌కి అపర్చర్ ఎంత పెట్టమంటావ్? టైమైపోతోంది.

హరి: ఎఫ్/4. సీసీడీ అయితే...

మాధవి: హరీ!

హరి: ఎఫ్/4.