ఫోన్-ఇన్: పేరులో టీవీ ఉంది, పెట్టెలో ఛానళ్లేవి?

వ్యాఖ్యాత: నమస్కారం. టీవీకి తగిలించుకునే స్ట్రీమింగ్ పెట్టెలు, స్టిక్‌ల మీద ఈ రోజు ఫోన్-ఇన్. కొత్త పెట్టె ఏదైనా మార్కెట్లోకి వచ్చిందంటే చాలు, మాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. పేరు చూసి ఏదో అనుకున్నాం, తీరా ఇంటికి తెచ్చాక ఇంకేదో అయింది అని. ట్రేడ్‌మార్క్ కేసులు, వినియోగదారుల కేసులు రెండూ చూసే న్యాయవాది ఒకరు మనతో ఉన్నారు. ఎలక్ట్రానిక్స్ చదివాక లాయర్ అయ్యారు కాబట్టి వైర్ల సంగతి కూడా నిరభ్యంతరంగా అడగండి. మొదటి ఫోన్ తీసుకుందాం. చెప్పండమ్మా.

మొదటి శ్రోత: నమస్తే అమ్మా. మా అబ్బాయి ఒక పెట్టె కొనిచ్చాడు. కంపెనీ పేరెందుకు గానీ, పేరులోనే టీవీ అని ఉంది. ఇది ఉంటే ఇంక కేబుల్ ఎందుకులే అని తీయించేశాను. ఇప్పుడు ఆన్ చేస్తే బొమ్మలు వరసగా వస్తున్నాయి, ఏది నొక్కినా డబ్బు కట్టమంటోంది. వార్తలు లేవు, నేను చూసే సీరియల్ లేదు. ఇది మోసం కాదా అమ్మా?

నిపుణురాలు: అమ్మా, ఆ పెట్టె వెనక్కి ఒకసారి తిప్పి చూడండి. కేబుల్ వాళ్ల వైరు మర తిప్పి బిగించడానికి గుండ్రటి సాకెట్ ఏమైనా ఉందా?

మొదటి శ్రోత: లేదమ్మా. కరెంటు వైరు ఒకటి, టీవీలోకి వెళ్లే వెడల్పు మూతి వైరు ఒకటి. అంతే.

నిపుణురాలు: ఆ వెడల్పు మూతిది హెచ్‌డీఎంఐ. దాంట్లోంచి బొమ్మ బయటికి పోతుంది. లోపలికి వచ్చేది మాత్రం మీ ఇంటి వైఫైలోంచే. ఛానల్ సిగ్నల్‌ని పట్టుకునే భాగాన్ని ట్యూనర్ అంటారు, అది మీ పెట్టెలో లేదు. కాబట్టి మామూలు ఛానళ్లు దానంతట అదే చూపించలేదు. ఆ ఛానల్‌కి సొంత యాప్ ఉండాలి, లేదా ఛానళ్లన్నీ కలిపి ఇచ్చే యాప్‌కి చందా కట్టాలి. ఇక మోసమా అంటారా, పేరు ఒక్కటే పట్టుకుని వెళ్తే కేసు నిలబడటం కష్టం. అట్టపెట్టె మీద గానీ ప్రకటనలో గానీ కేబుల్ అక్కర్లేదనో, అన్ని ఛానళ్లూ వస్తాయనో రాసి ఉంటే అది వేరే సంగతి. అట్టపెట్టె పారేయలేదు కదా?

మొదటి శ్రోత: అటక మీద ఉందమ్మా.

నిపుణురాలు: మంచిది. నాలుగు వైపులా ఫోటో తీయించండి. ఆన్‌లైన్‌లో కొంటే ఆ పేజీని కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టమనండి మీ అబ్బాయిని, ఎందుకంటే ఆ రాతలు మార్చేస్తూ ఉంటారు. రిటర్న్ గడువు ఉంటే ఈ రోజే పెట్టేయండి. మీరు పొరపాటు పడ్డారని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. టీవీ అని పేరు పెట్టినప్పుడు కొనేవాళ్లు టీవీ వస్తుందని అనుకోవడం సహజం.

వ్యాఖ్యాత: అసలు ట్యూనర్ లేని పెట్టెలకి టీవీ అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చింది మేడమ్?

నిపుణురాలు: ఒక్క ఉదాహరణ చెబుతాను. 2006 సెప్టెంబర్‌లో ఆపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ ఒక పెట్టెను ముందుగా చూపించారు. దాన్ని ఐటీవీ అన్నారు. అది కంపెనీ లోపల పిలుచుకునే పేరేనని అప్పుడే చెప్పారు కూడా. బ్రిటన్‌లో 1955 నుంచి ఐటీవీ అనే పెద్ద టీవీ నెట్‌వర్క్ ఉంది. ఇంగ్లీషు రాతలో మొదటి అక్షరం చిన్నదా పెద్దదా అన్నదొక్కటే తేడా, పలికితే అదీ ఉండదు. 2007 జనవరిలో అమ్మకానికి ప్రకటించినప్పుడు దాని పేరు ఆపిల్ టీవీ అయింది. మార్చిలో చేతికి వచ్చింది, 299 డాలర్లు. పేరు ప్రకటించిన దగ్గర్నుంచి పెట్టె చేతికి వచ్చేదాకా జనం ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకున్నారు. కార్యక్రమాలు రికార్డ్ చేస్తుందని, ఛానళ్లు పట్టుకుంటుందని. తీరా చూస్తే ట్యూనర్ లేదు, రికార్డింగ్ లేదు, డిస్కు పెట్టే చోటు లేదు. 40 జీబీ హార్డ్ డిస్క్ ఉంది. కంప్యూటర్‌లో ఐట్యూన్స్ అనే ఆపిల్ ప్రోగ్రామ్‌లో ఉన్న పాటలు, వీడియోలని హాల్లో టీవీ మీద చూపించడమే దాని ముఖ్యమైన పని. పసుపు రంగు వీడియో వైరు పెట్టే పాత టీవీలకి అసలు పనికిరాలేదు, ఆ సాకెట్ లేదు. ఐట్యూన్స్‌లో ఉన్నవి చూపించే పనికి మాత్రం ఆ పెట్టె బాగానే పనిచేసింది. జనం ఎదురుచూసిన పని వేరు.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్. చెప్పండి సర్.

రెండో శ్రోత: నమస్తే మేడమ్. నేను కొన్న బాక్స్ మీద ఆండ్రాయిడ్ టీవీ, 4కె అని పెద్ద అక్షరాలతో ఉంది. మా టీవీ 4కె, నెట్ స్పీడ్ బాగుంది. అయినా నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా పెడితే మసక మసకగా వస్తోంది. యూట్యూబ్ మాత్రం అద్దంలా ఉంటుంది.

నిపుణురాలు: ఒక విషయం చెప్పండి. నెట్‌ఫ్లిక్స్‌లో రిమోట్ బాణాలతో కదులుతుందా, లేక మౌస్ బటన్ ఏమైనా నొక్కాలా?

రెండో శ్రోత: మౌస్ బటనే మేడమ్. అది నొక్కితే తెర మీద బాణం వస్తుంది, దాన్ని జరుపుకుంటూ వెళ్లాలి. మీకెలా తెలుసు?

నిపుణురాలు: దాంట్లో పెట్టింది ఫోన్లకి చేసిన యాప్, అందుకే వేలితో తాకాల్సిన చోట బాణం కావాల్సి వస్తోంది. ఆండ్రాయిడ్ కోడ్‌ని ఎవరైనా ఉచితంగా తీసుకుని పెట్టెలో వేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ టీవీ అలా కాదు. అది 2014లో గూగుల్ తెచ్చిన వేరే వ్యవస్థ, ఆ పేరు వాడాలన్నా, ప్లే స్టోర్ పెట్టాలన్నా గూగుల్ అనుమతి ఉండాలి. చాలా పెట్టెల మీద ఆ రెండు మాటలూ పక్కపక్కన ముద్రించి అమ్మేస్తున్నారు. ఇక మసక సంగతి. సినిమాలు కాపీ కాకుండా వైడ్‌వైన్ అనే తాళం ఉంటుంది. ఎల్1 స్థాయి ఉంటే చిప్‌లోనే భద్రంగా తాళం తీస్తుంది, అప్పుడే హెచ్‌డీ, 4కె పంపిస్తారు. ఎల్3 అయితే సాఫ్ట్‌వేర్‌తోనే తీస్తుంది కాబట్టి తక్కువ నాణ్యతే ఇస్తారు. పైగా నెట్‌ఫ్లిక్స్ ఏ మోడల్‌కి అనుమతి ఇవ్వాలో విడిగా చూసుకుంటుంది. మీ పెట్టె మీద 4కె అన్నది చిప్ 4కె వీడియోని ఆడించగలదు అన్నంతవరకే నిజం.

రెండో శ్రోత: మరి నెట్ స్పీడ్ పెంచుకుంటే?

నిపుణురాలు: డబ్బు దండగ. 4కెకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. అది మీకు ఉండే ఉంటుంది. మీరు ప్లే స్టోర్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, అబౌట్ దగ్గర ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్, అంటే గూగుల్ ఆమోదం, ఉందో లేదో చూడండి. లేదంటే ఆ బాక్స్‌ని ముందు వైఫై నుంచి తీసేయండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. సర్టిఫికేషన్ లేని కొన్ని పెట్టెల్లో కొనకముందే మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, ఉంటోంది. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే అలాంటి మాల్‌వేర్ వల గురించి 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరిక ఇచ్చింది, ఇలాంటి స్ట్రీమింగ్ పెట్టెల పేరు ఎత్తి మరీ. మీ ఇంటి ఇంటర్నెట్‌ని మీకు తెలియకుండా ఎవరో వాడుకుంటారు. మొదటి అమ్మగారి విషయంలో కేసు బలహీనం అన్నాను, మీది అలా కాదు. లేని వ్యవస్థ పేరు పెట్టి అమ్మారు. డబ్బు వెనక్కి గట్టిగా అడగండి, రాతపూర్వకంగా.

వ్యాఖ్యాత: ఇంకో ఫోన్.

మూడో శ్రోత: మేడమ్, చిన్న డౌట్. మా స్టిక్ సినిమా మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. పీస్ పోయినట్టేనా?

నిపుణురాలు: కరెంటు ఎక్కడి నుంచి ఇచ్చారు?

మూడో శ్రోత: టీవీ వెనక యూఎస్‌బీ నుంచి.

నిపుణురాలు: అదే కారణం అయి ఉండొచ్చు. టీవీల్లో చాలా యూఎస్‌బీ సాకెట్లు 500 మిల్లీయాంప్‌లే ఇస్తాయి, స్టిక్‌కి దాదాపు రెట్టింపు కావాలి. స్టిక్‌తో వచ్చిన అడాప్టర్‌ని గోడ ప్లగ్‌లో పెట్టండి. ఒకే రిమోట్‌తో రెండూ నడవాలంటే టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చేయాలి. దానికీ కంపెనీకో పేరు. శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. పని ఒకటే.

వ్యాఖ్యాత: నాలుగో ఫోన్, చెప్పండి మేడమ్.

నాలుగో శ్రోత: నమస్కారం. ఆపిల్ టీవీలో ఒక సిరీస్ బాగుందని కొలీగ్స్ అంటున్నారు. దానికోసం ఆ పెట్టె కొనాల్సిందేనా? షాపులో అడిగితే ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు.

నిపుణురాలు: కొనక్కర్లేదు. ఆ పేరుతో ఇప్పుడు మూడు ఉన్నాయి. 2007 నుంచి ఉన్న పెట్టె ఒకటి. యాప్ ఒకటి. 2019 నవంబర్ 1న మొదలైన చందా సర్వీస్ ఒకటి, అప్పుడు దాని పేరు చివర ప్లస్ ఉండేది. 2025 అక్టోబర్‌లో ఆ ప్లస్ తీసేశారు. యాప్ అయితే చాలా స్మార్ట్ టీవీల్లో, రోకులో, ఫైర్ టీవీలో, ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా దొరుకుతుంది. మీ టీవీ యాప్ స్టోర్‌లో వెతకండి, ఉంటే చందా కట్టి చూసేయొచ్చు.

నాలుగో శ్రోత: మూడింటికీ ఒకే పేరు ఎందుకండీ?

నిపుణురాలు: కంపెనీకి ఒకే పేరు జనంలో నాటుకుపోతే మేలు. కొనేవాళ్లకు మాత్రం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. వస్తువుకి ఒక పేరు, నెలనెలా డబ్బు తీసుకునే సర్వీస్‌కి ఇంకో పేరు ఉండాలి. లేకపోతే ఏది కొన్నామో, ఏది ఆపామో తెలియదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పెట్టె వెనక్కి ఇచ్చేశాం కదా అని చందా ఆపనివాళ్లు ఉంటారు. చందా పెట్టెతో కాదు, మీ అకౌంట్‌తో ముడిపడి ఉంటుంది. దాన్ని విడిగా ఆపాలి. కస్టమర్ కేర్‌తో మాట్లాడేటప్పుడు కూడా పేరు ఒక్కటే చెప్పకండి. పెట్టె గురించి, యాప్ గురించి, చందా గురించి అని విడమరిచి చెప్పండి.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్. చెప్పండి సర్.

ఐదో శ్రోత: నమస్తే మేడమ్. మేం ఫ్రెండ్స్ కలిసి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తయారు చేశాం. వచ్చే నెల లాంచ్. నిన్న ఒక ఛానల్ వాళ్ల లాయర్ నుంచి నోటీసు వచ్చింది, మా పేరు వాళ్ల పేరులా ఉందట. రాత్రంతా నిద్ర లేదు, ఒకటే టెన్షన్. వాళ్లు ఛానల్ నడుపుతారు, మేం వస్తువు అమ్ముతాం. వ్యాపారాలు వేరు కదా?

నిపుణురాలు: ముందు స్థిమితపడండి. నోటీసు అంటే తీర్పు కాదు. వ్యాపారాలు వేరు అన్న మాట దగ్గరే మాత్రం మీరు జాగ్రత్తగా ఉండాలి. ట్రేడ్‌మార్క్‌లని అంతర్జాతీయంగా 45 తరగతులుగా విడగొట్టారు. మీ స్టిక్ 9వ తరగతి, ప్రసారాలు 38, వినోద కార్యక్రమాలు 41. కాగితం మీద వేరే తరగతులే. కానీ మీ స్టిక్ ఆన్ చేస్తే కనిపించేది కార్యక్రమాలే కదా. ఆ పేరు చూసిన మామూలు మనిషి ఇది ఆ ఛానల్ వాళ్లదే అనుకుంటాడా అన్నదే అసలు ప్రశ్న. పేర్లు చూడటానికి ఎలా ఉన్నాయి, పలికితే ఎలా ఉన్నాయి అని చూస్తారు. మీ పేరు చివర టీవీ అనో స్టిక్ అనో ఉందా?

ఐదో శ్రోత: టీవీ అని ఉంది మేడమ్. దానివల్ల తేడా వస్తుందనుకున్నాం.

నిపుణురాలు: రాదు. అది అందరూ వాడే మాట, దానికి పెద్ద బరువు ఇవ్వరు, ముఖ్యంగా మిగతా భాగాన్నే చూస్తారు. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ స్కైడ్రైవ్ అని ఫైళ్లు దాచుకునే సర్వీస్ నడిపింది. బ్రిటన్‌లోని స్కై టీవీ కంపెనీ కోర్టుకి వెళ్లింది. 2013లో అక్కడి హైకోర్టు స్కై వైపే తీర్పు ఇచ్చింది, మరుసటి ఏడాది ఆ సర్వీస్ వన్‌డ్రైవ్ అయిపోయింది. టీవీ కంపెనీ ఒకటి, ఫైళ్ల సర్వీస్ ఒకటి, అయినా ఆగలేదు. మీరు వాళ్లకి ఇంకా దగ్గర్లో ఉన్నారు.

ఐదో శ్రోత: అయితే పేరు మార్చుకోవాల్సిందేనా?

నిపుణురాలు: అప్పుడే అలా అనను. రాజీ దారి కూడా ఉంది. 2007 జనవరిలో ఆపిల్ ఐఫోన్ చూపించిన మర్నాడే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో కేసు వేసింది, ఆ పేరు తమదని. ఫిబ్రవరిలోనే ఇద్దరూ వాడుకునేలా ఒప్పందం అయిపోయింది. కానీ అవి రెండూ పెద్ద కంపెనీలు. నోటీసులో వాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, అది ఏ తరగతిలో ఉంది, ఇంకా అమల్లో ఉందా అని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో చూడండి. మీరు ఆ పేరు ఎప్పటి నుంచి వాడుతున్నారో చూపించే మెయిళ్లు, బిల్లులు పోగు చేయండి. వాళ్లకి మీరే ఫోన్ చేసి క్షమించండి అని మాత్రం అనకండి, అది ఒప్పుకున్నట్టు అవుతుంది. గడువు లోపల లాయర్ ద్వారా జవాబు వెళ్లాలి. పేరు ఎక్కడెక్కడ వేశారు ఇప్పటికి?

ఐదో శ్రోత: రిమోట్‌ల మీద అచ్చు పడిపోయింది మేడమ్. ఆన్ చేయగానే వచ్చే తెరలో ఉంది. అట్టపెట్టెలు ప్రింటింగ్‌కి ఇచ్చాం, ఇంకా మొదలుపెట్టలేదు.

నిపుణురాలు: తెర సాఫ్ట్‌వేర్‌తో మారిపోతుంది. రిమోట్ మీద స్టిక్కర్‌తో సర్దుకోవచ్చు. అట్టపెట్టెల ప్రింటింగ్ మాత్రం ఈ కాల్ పెట్టేయగానే ఆపించండి. రెండు మూడు వేరే పేర్లు కూడా ఈ వారంలోనే రిజిస్ట్రీలో వెతికించి పెట్టుకోండి, 9, 38, 41 మూడు తరగతుల్లోనూ.

ఐదో శ్రోత: ఇప్పుడే ప్రింటర్‌కి చెబుతాను మేడమ్. థాంక్స్.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. లైన్‌లో ఉన్నవాళ్లు ప్రశ్నలు మెసేజ్ చేయండి, వచ్చే ప్రసారంలో మేడమ్ వాటికి జవాబులు చెబుతారు. నమస్కారం.