చీతా కంటి కింది గీత

(నల్లగొండలో పిల్లల చిత్రకళా ప్రదర్శన సందర్భంగా ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారి ప్రసంగ పాఠం)

పెద్దలకు, పిల్లలకు నమస్కారం. వేదిక మీదోళ్ల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలు గండ్లనే ఒడుస్తయి, మన్నించుండ్రి.

పాతకాలం జంతువుల బొమ్మల గురించి చెప్పమన్నరు. జహంగీర్ పాదుషా కొలువుల ఉస్తాద్ మన్సూర్ ఉండె. 1621ల పాదుషాకు ఒక జీబ్రాను తెచ్చిచ్చిన్రు. గుర్రానికి రంగు పూసి తెచ్చిన్రేమోనని కొందరికి అనుమానం! పట్టి పట్టి చూసినంక గని నమ్మలే. పాదుషానే రాసుకున్నడు ఈ ముచ్చట. దాన్ని మన్సూర్ గీసిండు. చెవి కాడికెల్లి గిట్ట దాక ఏ చార ఎటు తిరిగిందో అటే తిప్పిండు.

జర్మనీల బొమ్మలేసే డ్యూరర్ తక్కువోడా? కాదు. కాని 1515ల మన గుజరాత్ నుంచి లిస్బన్‌కు పోయిన ఖడ్గమృగాన్ని ఆయన చూడలే. ఎవరో పంపిన బొమ్మ, ఉత్తరం ముంగట పెట్టుకొని గీసిండు. మూపు మీద లేని కొమ్మొకటి మొలిపిచ్చిండు. రెండు వందల ఏండ్లకు పైగా యూరప్‌ల ఆ బొమ్మే చెల్లింది.

ఇంకో నాలుగు కాగితాలు రాసుకొచ్చిన. పక్కన పెడుతున్న. లేని కొమ్ము అనంగనే నా కడుపుమంట యాదికొచ్చింది.

నల్లమల అంచున ఒక బడిల పనిచేస్తున్నప్పుడు గోడ మీద చీతాను గీసిన. చిరుత కాదు, చీతా. పిల్లలూ, తేడా ఎరుకున్నోళ్లు చేతులెత్తుండ్రి. ...ఇద్దరేనా! చిరుతకు పువ్వుల లెక్క మచ్చలు, నడుమ ఖాళీ. చీతాకు నిండు చుక్కలు. కంటి మూలకెల్లి నోటి దాక నల్లగీత, కాటుక కారినట్టు. అక్బర్ కాలంల చీతాల కండ్లకు గంతలు కట్టి, బండ్ల మీద జింకల వేటకు తీస్కపోయేటోళ్లు. ఆ బొమ్మలు ఇంకా ఉన్నయి. జంతువే లేకపాయె. 1952ల దేశంల చీతా లేదని ప్రకటించిన్రు. 2022ల నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌ల కూనో అడివిల ఇడిసిన్రు. నడుమ డెబ్బై ఏండ్లు బొమ్మలే దిక్కు.

తనిఖీకి వచ్చిన సారు నా గోడ చూసి, "పులి ఏడుస్తున్నదేందయ్యా? ఆ గీత తీసెయ్" అన్నడు. చెప్పబోయిన, వినలే. నౌకరి భయం. నేనే, ఈ చేతితోనే, పసుపురంగు పూసి గీత కప్పేసిన.

తెల్లారి మన్ననూరు దిక్కు పిలగాడొకడు గోడ కాడ నిలవడ్డడు. "సార్, గిది మా అడివిల చిరుత గాదు, మీరు చెప్పిన చీతా గాదు. మరి గిదేంది?"

ఏం చెప్పాలె?

టైమయిందని చీటీ వచ్చింది, కూసుంట. ఆ గోడ ఇంకా ఉన్నదట. అచ్చంపేట దిక్కు పొయ్యేటోళ్లు ఎవరన్న ఉంటే సభ అయినంక నన్ను కలువుండ్రి. నల్లరంగు డబ్బా, సన్న కుంచె సంచిల పెట్టుకొనే వచ్చిన.